ఓడ చుట్టూ పౌడరు

ముందు మొహం చూడాలి, ఆ తర్వాతే టికెట్. రిటైరై ఎన్నేళ్ళయినా ఆ టికెట్ కలెక్టర్‌కి ఈ అలవాటు పోలేదు. కూరలమ్మే మనిషినీ అలాగే చూస్తాడు, కట్టుకున్న భార్యనీ అలాగే చూస్తాడు. అరవై దాటాక ప్లాస్టిక్ ముక్కలతో తెరచాప ఓడ బొమ్మలు కట్టే సరదా పట్టుకుంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుంటే, ఊపిరి బిగబట్టి, పట్టకారుతో ముక్కలు అతికిస్తాడు. తెరచాప కొయ్యలకి దారాలనే తాళ్ళుగా కడతాడు. ఈమధ్య ఒక వింత మొదలైంది. పొద్దున వదులుగా వేలాడిన తాళ్ళు, అతను మధ్యాహ్నం కునుకు తీసి వచ్చేసరికి వీణ తీగల్లా బిగిసి ఉంటున్నాయి. ముందు చుట్టపుచూపుగా వచ్చిన బావమరిదిని అనుమానించాడు. ఆయన వెళ్ళిపోయినా తాళ్ళు బిగుస్తూనే ఉన్నాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈశ్వరుడు టికెట్ కలెక్టర్‌గా చెయ్యలేదు కదా. ఓ రోజు ఓడ చుట్టూ బల్లంతా పౌడరు చల్లి వెళ్ళి పడుకున్నాడు.

లేచి వంటింట్లోకి వెళ్తే, నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టిన భార్య టీ వడకడుతోంది.

"మోచేతికి పౌడరు ఎవరైనా రాసుకుంటారా?" అన్నాడు.

ఆవిడ మోచెయ్యి చూసుకుంది. "మీ చెయ్యి వణుకుతోంది, ముడి నిలవట్లేదు. చెబితే ఓడలు మానేసి, మళ్ళీ రోజంతా నన్ను తనిఖీ చేస్తారని చెప్పలేదు."

అతను టీ తాగాడు. మర్నాడు ఒక తాడు కట్టకుండా వదిలేసి, పక్కనే సూదీ దారం పెట్టి, తలుపు సందులోంచి చూశాడు. ఆవిడ వచ్చింది. బల్లని వేలితో రాసి చూసుకుంది. సూదిని ఎగాదిగా చూసి, ఉఫ్ అని ఊది, అప్పుడు దారం ఎక్కించింది.