యాదన్న కళ్లు మూసుకున్నప్పుడు

పదకొండేళ్లుగా ఒక చిన్న మాట మోస్తున్నాను. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చి, టీ పెట్టనా అనో, ఎండలు ముదిరాయి అనో వేరే మాటైపోయి బయటపడింది. అమ్మకు చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇదేదో ధైర్యమనుకునేరు, కాదు. ముఖం చూడనక్కర్లేని మనిషికి చెప్పుకోవడం నాలాంటి పిరికివాళ్లకు సులువు, అంతే.

పేరు చెప్పను. మధురానగర్‌లో ఇంట్లోనే పిల్లలకు పియానో నేర్పుతాను. టీచర్‌కు మహా ఓపిక అంటుంటారు వాళ్ల తల్లులు. తప్పు వాయించిన పిల్లను నేను ఒక్కసారి కూడా కసురుకోలేదు. కసురుకునే ముఖం నాకు లేదని వాళ్లకు తెలియదు కదా.

నేను జగిత్యాల నుంచి అమీర్‌పేటకు కంప్యూటర్ కోర్సు కోసం వచ్చాను. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు, రోడ్డంతా దుమ్ము. మా ఇన్‌స్టిట్యూట్ ఉన్న బిల్డింగ్‌లో మూడంతస్తుల నిండా కోచింగ్ బోర్డులే. నాలుగో అంతస్తులో మాత్రం బోర్డు లేని ఒక గది, అందులో ఒక పాత పియానో, దాని ముందు హమీద్ భాయ్. ఒకప్పుడు పెద్ద హోటళ్లలో జాజ్ వాయించిన మనిషి. ఒక రోజు లిఫ్ట్ పాడై మెట్లెక్కుతూ ఆయన వాయించేది విన్నాను. మా ఊళ్లో చర్చి స్కూల్లో నేర్చుకున్న కాస్త పియానో నా చేతుల్లో ఉంది. తలుపు దగ్గర నిలబడ్డాను. లోపలికి రమ్మన్నాడు. కోర్సు మధ్యలోనే పోయింది, పియానో మిగిలింది.

యాదగిరి అక్కడే పరిచయం. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పని. డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాడు, గోళ్ల సందుల్లో ఇనుపపొడి అలాగే ఉండేది. బల్కంపేటలో బోనాలప్పుడు బ్యాండులో కీబోర్డు వాయించి నేర్చుకున్న చేయి అది. నోట్స్ చదవడం రాదు. కానీ ఆ చెవి! మిషన్ చప్పుడు విని పనిముట్టు అరిగిందో లేదో చెప్పగలనని నవ్వుతూ అనేవాడు. నేను యాదన్నా అనేదాన్ని. నన్ను చెల్లె అనేవాడు.

హమీద్ భాయ్ మాకు నేర్పిన వాటిలో కష్టమైనది బయటికి వెళ్లి రావడం. ఎడమచేతిలో ఒక స్వరాల కట్ట పట్టుకుని ఉంటాం, దాన్ని ఆయన ఘర్ అనేవాడు, ఇల్లు. కుడిచేయి ఆ ఇంటికి సరిపడే స్వరాలే వాయిస్తే వినడానికి హాయిగానే ఉంటుంది, కాసేపటికి నిద్రొస్తుంది. అందుకని కుడిచేయి కావాలనే ఇల్లు వదిలి ఒక్క మెట్టు పక్కకు జరిగి, అక్కడ అదే పాట పాడుతుంది. ఎడమచేయి మాత్రం కదలదు. వినేవాడికి గుండె జారుతుంది, ఇదేంటి తప్పింది అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే కుడిచేయి తిరిగి ఇంట్లో అడుగుపెడుతుంది. ఆ తిరిగి రావడం కుదిరితేనే వెళ్లింది సంగీతం. కుదరకపోతే వెళ్లింది కూడా తప్పే.

దీన్ని నేర్పడానికి ఆయనది ఒక పద్ధతి. ఇద్దర్నీ ఒకే పియానో ముందు కూర్చోబెట్టేవాడు. ఒకరు కింది భాగంలో ఘర్ పట్టుకోవాలి. ఇంకొకరు పై భాగంలో బయటికి వెళ్లాలి. వెళ్లేవాళ్లు కళ్లు మూసుకోవాలి. చూసి రావద్దు, విని రావాలి అనేవాడు. ఇల్లు పట్టినవాళ్లు మాత్రం చచ్చినా చేయి కదపకూడదు. ఇది ఒక్కటే ఆయన కోపంగా చెప్పిన మాట. గుడ్డివాణ్ని రోడ్డు దాటిస్తూ మధ్యలో చేయి వదిలేస్తారా అని అడిగేవాడు.

నేను బయటికి వెళ్లడం లెక్కలతో నేర్చుకున్నాను. ఏ కట్ట మీద ఎటు జరగాలి, ఎన్ని దరువుల తర్వాత తిరిగి రావాలి, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నా రాకపోకల్లో తప్పుండేది కాదు. అందులో ఇంకేమీ కూడా ఉండేది కాదు. యాదన్నకు నోట్‌బుక్ లేదు. కళ్లు మూసుకునేవాడు, వెళ్లేవాడు. ఒక్కోసారి ఎంత దూరం వెళ్లేవాడంటే ఇంట్లో కూర్చున్న నాకు ఇక రాడేమో అని భయం వేసేది. వచ్చేవాడు. వచ్చి చిన్నగా నవ్వేవాడు. హమీద్ భాయ్ నన్ను మెచ్చుకున్నప్పుడు షాబాష్ అనేవాడు. యాదన్న వాయించినప్పుడు ఏమీ అనేవాడు కాదు, లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. ఆ రెంటికీ తేడా నాకు అర్థం కాలేదని మీతో అబద్ధం చెప్పలేను. బాగా అర్థమైంది. కడుపులో మండింది.

పంజాగుట్టలో ఒక హోటల్‌లో సాయంత్రాలు పియానో వాయించేవాళ్లు కావాలని హమీద్ భాయ్‌కు కబురొచ్చింది. ఉన్నది ఒక్క చోటు. ఇద్దర్నీ పొమ్మన్నాడు, ఎవరిని తీసుకున్నా సంతోషమే అన్నాడు. మధ్యాహ్నం మూడింటికి వెళ్లాం. లాంజ్ ఖాళీ. ఒక వెయిటర్ టేబుళ్ల మీద గుడ్డలు మడత పెడుతున్నాడు. మేనేజర్ ఫోన్ చూసుకుంటూ కూర్చుని, ఏదో ఒకటి వాయించండి, చూద్దాం అన్నాడు. విడివిడిగా రెండేసి పాటలు వాయించాం. ఇద్దరూ బాగానే ఉన్నారే అన్నాడాయన. యాదన్నే అన్నాడు, క్లాసులో లాగా కలిసి వాయిద్దామని. ఒకరికొకరం ఇల్లు పట్టుకుందామని.

ముందు నేను బయటికి వెళ్లాను. యాదన్న ఇల్లు పట్టాడు. ఒక్క వేలు కదపలేదు. నేను లెక్క ప్రకారం వెళ్లి లెక్క ప్రకారం వచ్చాను. మేనేజర్ ఫోన్‌లోనే ఉన్నాడు.

తర్వాత చోట్లు మారాం. డి మైనర్ అనే కట్ట పట్టుకున్నాను. మూడు తెల్ల మెట్లు, మూడు వేళ్లు. యాదన్న కళ్లు మూసుకుని వెళ్లాడు, వచ్చాడు. వెయిటర్ గుడ్డ మడతపెట్టడం ఆపేశాడు. మేనేజర్ తలెత్తాడు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. నేను అది చూశాను. ఆ ఫోన్ బోర్లా పడడం చూశాను.

యాదన్న రెండోసారి వెళ్లాడు. ఈసారి చాలా దూరం. ఎప్పుడు తిరిగి వస్తాడో నాకు తెలుసు, ఏడాదిన్నరగా అతని ఊపిరి పక్కనే కూర్చున్నదాన్ని. అతను ఇంట్లో కాలు పెట్టే క్షణానికి నేను చేయి కదిపాను. డి మైనర్ వదిలి ఒక్క మెట్టు పైకి వెళ్లాను. అతను సరిగ్గా రావాల్సిన చోటికే వచ్చాడు. కింద ఇల్లు లేదు. వికారంగా మోగింది. అతని నుదురు ముడిపడింది, తానే తప్పాననుకుని ఒక్క మెట్టు పైకి ఎక్కాడు. అప్పటికి నేను మళ్లీ నా చోటికి వచ్చేశాను. మళ్లీ వికారంగా మోగింది. అతను కళ్లు తెరిచేసరికి నా మూడు వేళ్లూ తెల్ల మెట్ల మీద బుద్ధిగా ఉన్నాయి.

వేలు జారిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. టెన్షన్‌లో జారింది, ఎవరికైనా జారుతుంది. కానీ నేను పియానో టీచర్‌ని, ఎవర్ని మోసం చేయగలను? జారితే ఒక వేలు జారుతుంది. ఒక్క మెట్టు పైన ఆ కట్ట మూడూ నల్ల మెట్లే. మూడు తెల్ల మెట్ల మీది నుంచి మూడు నల్ల మెట్ల మీదికి చేయి ఎత్తి పెడితే తప్ప పోదు. మళ్లీ ఎత్తి తెస్తే తప్ప రాదు. మరి ముందే అనుకుని వెళ్లానా? లేదు. ఆ మాట నిజంగానే చెబుతున్నాను, నమ్మితే నమ్మండి. అప్పటికప్పుడు పుట్టింది. అప్పటికప్పుడు పుట్టిందంటే తప్పు తగ్గుతుందా? అంత సులువుగా పుట్టిందంటే లోపల ఎంతకాలం నుంచి ఉండి ఉండాలి?

మేనేజర్ ముఖం చిట్లించి, ఆయనకు ఇంకా ప్రాక్టీస్ కావాలండీ, మీరు సోమవారం నుంచి రండి అన్నాడు నాతో.

బయట మెట్ల మీద యాదన్న ఆగిపోయాడు. అతని ముఖంలో కోపం లేదు, బాధ కూడా పెద్దగా లేదు. ఏదో లెక్క తేలనట్టు ఉన్నాడు.

"చెల్లె, నిజం చెప్పు. నేను తప్పు వచ్చిన్నా?"

అతనే మళ్లీ అన్నాడు.

"నాకైతే ఇంటికే వచ్చినట్టు ఇనబడ్డది. కానీ ఇల్లు ఆడ లేకుండె. నువ్వు ఘర్ కాడ కూసున్నవ్ గద, నీకే ఎర్కుంటది."

నా మీద అనుమానపడ్డాడేమో అనుకున్నాను. కళ్లలోకి చూశాను. లేదు. ఇల్లు కదిలి ఉండొచ్చన్న ఆలోచనే అతనికి రాలేదు. ఇల్లు పట్టినవాళ్లు కదలరు కదా. కాబట్టి మిగిలింది ఒక్కటే, తన చెవి.

"జర తప్పినవన్నా," అన్నాను. "ఒక్క మెట్టు కిందికి దిగినవ్."

"అట్లనా," అన్నాడు. "గంతే అయ్యుంటది."

నన్ను నా హాస్టల్ దాకా దింపి, కంగ్రాట్స్ చెప్పి పోయాడు.

చేయి కదపడం ఒక తప్పు. ఈ మాట ఇంకొకటి. రెండోదే పెద్దది. మొదటిది ఒక ఉద్యోగం తీసుకుంది, రెండోది మనిషి చెవినే తీసుకుంది. అప్పుడే నేను, నువ్వు తప్పలేదన్నా, అని ఉంటే సరిపోయేది. తిట్టి ఉండేవాడు, మాట్లాడ్డం మానేసి ఉండేవాడు, కానీ వాయించేవాడు.

ఆ తర్వాతి క్లాసులో అతను బయటికి వెళ్లేటప్పుడు కళ్లు మూసుకోలేదు. నా చేతినే చూస్తూ వెళ్లాడు. దొంగను చూసినట్టు కాదు, పరీక్షలో పక్కవాడి పేపర్ చూసే పిల్లవాడిలా. హమీద్ భాయ్ రెండుసార్లు ఆపి, ఆంఖే బంద్ అన్నాడు. మూసుకున్నాడు, మళ్లీ తెరిచాడు. మూడు వారాలు అలా వచ్చి మానేశాడు. వీడికేమైంది, వీడు తప్పేవాడు కాదే అని హమీద్ భాయ్ నన్ను అడిగాడు. నాకు తెలీదన్నాను. నాలుగేళ్ల కింద ఆయన పోయాడు. పోయేదాకా ఆ ప్రశ్న ఆయనకు ప్రశ్నగానే ఉంది.

హోటల్‌లో నేను నాలుగేళ్లు వాయించాను. ఒక్కసారి కూడా ఇల్లు దాటి బయటికి వెళ్లలేదు. నాకు నేను వేసుకున్న శిక్ష అనుకునేరు, అంత గొప్పదాన్ని కాదు. భయమేసేది.

మొన్న వేసవిలో అమీర్‌పేట మెట్రోలో రైలు మారుతుంటే, చెల్లె, అని వినబడింది. యాదన్న. జుట్టు నెరిసింది, పక్కన భార్య. నన్ను చూసి అంత సంతోషపడ్డ మనిషిని ఈ మధ్య నేను చూడలేదు. ఆదివారం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. టీ తాగుతూ అతను భార్యకు నన్ను పరిచయం చేసిన తీరు చెబుతాను, వినండి. అందరూ మస్తు వాయిస్తవ్, మస్తు వాయిస్తవ్ అని ఎక్కించేటోళ్లే, ముఖం మీద నిజం చెప్పింది ఈ పిల్ల ఒక్కతే అన్నాడు. లేకుంటే పని చెడగొట్టుకుని పియానో ఎనకనే తిరుగుతుంటినన్నాడు. ఆమె నా వైపు చూసి చేతులు జోడించింది. నేను బిస్కెట్లు తెస్తానని వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి అతను పియానో దగ్గర నిలబడి ఒక్క వేలితో మెట్లు తడుతున్నాడు. పైన ఒక మెట్టు దగ్గర ఆగి తల పక్కకు వంచాడు. ఇది జర దిగినట్టున్నది చెల్లె, అన్నాడు. వెంటనే చేయి తీసేసి నవ్వాడు. "ఏమో, నా చెవుల సంగతి నీకు ఎర్కనే. నువ్వే చూస్కో."

అప్పుడు చెప్పాల్సింది. గదిలో ముగ్గురమే ఉన్నాం, పియానో ఉంది, అంతకన్నా మంచి సమయం ఏముంటుంది? చూస్తాలే అన్నా, అన్నాను. వాళ్లు వెళ్లిపోయారు.

నిన్న పియానో శ్రుతి చేసే ఆయన వచ్చాడు. నేనేమీ చెప్పలేదు. అన్నీ చూసుకుంటూ వచ్చి సరిగ్గా ఆ మెట్టు దగ్గర ఆగి, ఇదొక్కటే తగ్గిందమ్మా, చాలా కొద్దిగా, మామూలు చెవికి తెలియదు అన్నాడు. వెంటనే యాదన్నకు ఫోన్ చేశాను. నువ్వు చెప్పింది నిజమే అన్నా, అది దిగింది అన్నాను. అవునా అని నవ్వాడు, గుడ్డిగ తాకి ఉంటదిలే అన్నాడు. నిజం కాదు, నీ చెవి మంచిది అన్నాను. ఊరుకో చెల్లె, అన్నాడు. లేత్ చప్పుడులో మాట సరిగా వినబడ్డం లేదని, మళ్లీ మాట్లాడతానని పెట్టేశాడు.

ఫోన్ పక్కన పెట్టి కాగితం తీసుకున్నాను. నేను చేయి కదిపాను అని రాశాను. పైకి చదివాను. ఇంట్లో ఎవరూ లేరు, అయినా గొంతు వణికింది. రెండోసారి చదివితే కొంచెం తక్కువ వణికింది. తర్వాత కూర్చుని ఇదంతా రాశాను.

అతనికి చెబుతానా? చెబుతానని మీకు మాటివ్వలేను, నా మాట ఎలాంటిదో చూశారు కదా. నన్ను క్షమించమని కూడా అడగను. ఆ పని మీది కాదు. యాదన్న చెవి ఆ రోజు తప్పలేదని ఇన్నాళ్లూ భూమ్మీద నా ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.