చిల్లుముక్కు కొంగలు మకాం మార్చిన ఊరు

గత ఏడాది ఇదే పత్రికలో, ఒక ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టుకున్న చిల్లుముక్కు కొంగల గురించి రాశాను. ఊరి పేరు, బస్సు వేళలు, దిగవలసిన చోటు, మంచి కాఫీ దొరికే హోటలు, అన్నీ రాశాను. చదివినవారు మెచ్చుకుంటూ చాలా ఉత్తరాలు రాశారు. అంతకు ముందు మా ఇంటిపేరు అచ్చులో కనబడింది కోర్టు వేలం ప్రకటనలో. కాబట్టి ఆ వ్యాసం కత్తిరించి దాచుకున్నానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ఈ సెప్టెంబరులో ఒక కార్డు వచ్చింది. ‘అయ్యా, మీరు రాసిన చెట్ల మీద ఈ ఏడు ఒక్క పక్షి కూడా లేదు. అన్నీ మా ఊరు వచ్చేశాయి. మీరు ఒకసారి వచ్చి చూడాలి. మళ్లీ రాసేలోపే రావాలి.’ కింద సంతకం సుగుణమ్మ, ఎలిమెంటరీ స్కూలు టీచరు. తమ ఊరి పేరు కూడా అచ్చులో చూసుకోవాలని ముచ్చటపడుతున్నారు కాబోలు అనుకున్నాను. ఆదివారం వస్తున్నానని ఆమెకు జవాబు రాశాను. కొత్త ఊరు, కొత్త దారి పంపిస్తానని సంపాదకులకు కూడా రాశాను.

నేను ఉండేది బెజవాడ పటమటలో, ఒక అద్దె ఇంటి వెనక భాగంలో. ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్ట్సు కంపెనీకి ఇంగ్లీషు ఉత్తరాలు రాసిపెడతాను. పెరట్లో కరివేపాకు చెట్టు, రెండు జామలు, ఒక గోరింట పొద ఉన్నాయి. ఆ ఆదివారం తెల్లవారి అయిదింపావుకు మొహం కడుక్కుంటుంటే జామచెట్టు కింద ఎండుటాకులు గలగలమన్నాయి. తొండ అనుకున్నాను. పొన్నంగి పిట్ట! ఆకుపచ్చ వీపు, పొట్టి తోక, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. రెండు గెంతులు గెంతి, ఒక వానపామును లాగి, నన్ను చూసి గోరింట పొదలోకి దూరింది. ఏటా ఈ రోజుల్లో ఎక్కడి నుంచో వచ్చి రెండు మూడు రోజులు ఉండి పోతుంది. అద్దె ఇచ్చేది నేనైనా అది నన్ను పరాయివాడిలాగే చూస్తుంది. అయినా వచ్చింది, అదే చాలు.

కూర్చునే చోటు దొరకాలని రిక్షాలో బస్టాండుకు వెళ్లాను. ఆరూ అయిదుకు బస్సు కదిలింది. నా మెడలో బైనాక్యులర్స్ చూసి కండక్టరు టికెట్ కొడుతూ అడిగాడు.

“ఏంటండీ మాస్టారూ, గుర్రప్పందేలకా?”

“పిట్టలు చూడటానికి.”

“పిట్టల కోసం మూడు రూపాయల చిల్లర పెట్టి చల్లపల్లా! మా ఇంటికి రండి, కాకుల్ని ఊరికే చూపిస్తా.”

బస్సంతా నవ్వింది. నేను టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాను.

కంకిపాడు దాటాక కాలవ వెంట చీలిన తోకల నల్ల ఏట్రింతలు, గేదెల వీపుల మీద గోరింకలు, రెల్లు దుబ్బుల్లో నీటికాకులు. ఉయ్యూరుకు ఏడయింది. అక్కడి నుంచి పామర్రు దాకా టెలిగ్రాఫు తీగల మీద తొమ్మిది పాలపిట్టల్ని లెక్కపెట్టాను. ఒకటి రెక్క విప్పి పొలంలోకి దిగినప్పుడు ఆ నీలిరంగు చూసి, పక్క సీట్లో ఉన్న ఒక గుమాస్తాగారు చెంపలు వేసుకున్నారు. “దసరాకి ముందే తొమ్మిది చూశారా! ఇంక మీకు తిరుగులేదండీ,” అన్నారు. పామర్రులో పావుగంట ఆగింది. నాలుగు ఇడ్లీ, ఒక కాఫీ. చట్నీ పలచన, కాఫీ చిక్కన. చల్లపల్లి చేరేసరికి ఎనిమిదీ ముప్పావు. అక్కడ ఇంకో బస్సు ఎక్కాను. ఇక్కడి నుంచి వేళలు చెబుతాను గానీ దారి చెప్పను.

తొమ్మిదిన్నరకు బస్సు, నేను గత ఏడాది రాసిన ఊళ్లో ఆగింది. చింతచెట్లు పచ్చగా, శుభ్రంగా ఉన్నాయి. కొంగలు గూళ్లు కట్టిన చెట్టు శుభ్రంగా ఉండదు. సున్నం కుమ్మరించినట్టు ఉంటుంది. ఒక కొమ్మ మీద పాత గూటి పుల్లలు నాలుగు వేలాడుతున్నాయి. మల్లెపూల బుట్ట ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ నా ఎదుటి సీట్లో ఉంది.

“ఆ చెట్ల వంక అట్టా చూస్తున్నారేంటండీ?”

“కొంగలు ఉండాలి కదమ్మా అక్కడ.”

“ఎక్కడియ్యండీ కొంగలు! కిందటేడు కార్తీకంలో జీపులేసుకొచ్చి టపటపా కాల్చిపడేశారు. పిల్లలు గూళ్లల్లోనే ఎండిపోయినై. ఎవరో పేపర్లో రాశాడంటగా, మహానుభావుడు.”

ఆ మహానుభావుడు నేనేనని చెప్పవలసింది. చెప్పలేదు. కండక్టరు రైట్ అన్నాడు, బస్సు కదిలింది.

పదయ్యేసరికి దిగాను. సుగుణమ్మగారు గొడుగుతో రోడ్డు మీద నిలబడి ఉన్నారు. నలభై ఏళ్లుంటాయి. తెల్ల చీర, చేతిలో బైబిలు. కాలవగట్టు మీద మైలున్నర నడవాలన్నారు. ఆమె నడక వేగంగా ఉంది. గట్టు పక్క గుడ్డికొంగలు మా అడుగుల చప్పుడుకు ఒక్కొక్కటే లేచి తెల్లరెక్కలు చూపించి మళ్లీ వాలుతున్నాయి. ఆదివారం కదా, చర్చి గంట వినబడలేదేమని అడిగాను.

“గంట కొట్టటం లేదండీ, రెండు నెలలైంది. చర్చి పక్కనే చెట్లు. గంట కొడితే కొంగలన్నీ ఒక్కసారిగా లేస్తున్నాయి. ఆ సందు చూసుకుని కాకులు గుడ్లు ఎత్తుకుపోతున్నాయి. అందుకని మా నాన్న కర్ర తీసుకుని ఇంటింటికీ వెళ్లి పిలుచుకొస్తాడు.”

“అందరూ వస్తున్నారా?”

“ఇదివరకటికంటే ఎక్కువే వస్తున్నారు. గంటకైతే వినబడలేదని చెప్పొచ్చు, మా నాన్నకి చెప్పలేరుగా.”

చెట్లను చూడక ముందే వాసన తెలిసింది, తర్వాత చప్పుడు. మొత్తం ఆరు చింతలు, రెండు తుమ్మలు. నూట నలభై గూళ్లు లెక్కపెట్టి ఆపేశాను. పెద్ద కొంగలు అరవవు. పై ముక్కును కింది ముక్కుకు కొట్టి టకటకలాడిస్తాయి. రెండు ముక్కుల నడుమ పోకచెక్క దూరేంత సందు. చెట్ల కింద నత్తగుల్లలు కుప్పలుగా పడి ఉన్నాయి. ఎండ ఎక్కుతున్న కొద్దీ ఒక్కో గూటిలో తల్లి లేచి, సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు రెండూ సగం విప్పి నిలబడింది. ఆ నీడలో మూడేసి పిల్లలు నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. తండ్రి పొలం నుంచి వచ్చి నత్తల్ని గూట్లో కక్కాక తల్లి ఎగిరిపోయింది, తండ్రి అదే చోట అదే తీరుగా రెక్కలు విప్పింది. గంటసేపు చూశాను. అది చూసే భాగ్యం నాకు ఇచ్చినందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను.

పన్నెండుకు ప్రార్థన ముగించి ఊరివాళ్లు బయటికి వచ్చారు. గట్టిగా మాట్లాడేవాళ్లు లేరు. చర్చి వసారాలో నాకు కుర్చీ వేశారు. ముప్పై మంది చుట్టూ కూర్చున్నారు. సుగుణమ్మగారి తండ్రి యేసుదాసు కర్ర ఆనించి నా ఎదురుగా కూర్చున్నాడు. ఎనభై దగ్గరపడ్డ మనిషి. జేబులోంచి కలం తీశాను. సుగుణమ్మగారు అది చూసి, “ముందు మేం చెప్పేది వినండి,” అన్నారు.

కిందటేడు జీపుల్లో వచ్చినవాళ్లు దారి అడగడానికి మొదట ఈ ఊరే వచ్చారట. వాళ్లలో ఒకడి చేతిలో పత్రిక ముక్క ఉందట. ఏ మలుపు దగ్గర తిరగాలో దాన్ని చూసి చదువుకున్నాడట.

“నేను వేటాడమని రాయలేదమ్మా,” అన్నాను. నా గొంతు నాకే బిరుసుగా వినబడింది.

“రాయలేదండీ,” అన్నాడు యేసుదాసు. “దారి రాశారు.”

 పొద్దున బస్సులో మింగిన మాట అప్పుడు బయటికి వచ్చింది. “నా వల్లే జరిగింది. తప్పయింది,” అన్నాను. అలాంటి మాట నేను ఒకరి ముందు అనడం అదే మొదలు.

కొంగపిల్లలకు రెక్కలు రావడానికి ఇంకా నెల పడుతుందని సుగుణమ్మగారు చెప్పారు. ఈసారి దీపావళి టపాకాయలు కాలవ అవతలే కాల్చాలని ఇటూ అటూ ఉన్న రెండు వీధులవాళ్లూ ఒప్పుకున్నారట. వాళ్లు నన్ను అడిగింది ఒకటే. ఊరి పేరు రాయకూడదు, ఈ ఏడే కాదు, ఎప్పుడూ. వెనక వరసలోంచి ఒక నడివయసాయన లేచాడు.

“నోటిమాట ఎందుకండీ, కాగితం మీద రాయించుకుంటే మంచిది కదా?”

నేను నిటారుగా కూర్చున్నాను. “మా ఇంట్లో మాటకు స్టాంపు కాగితం వాడిన అలవాటు లేదు.”

“నిజమేరా,” అన్నాడు యేసుదాసు. “ఈరి తాతగారు వేటకొస్తే పడ్డ బాతుల్ని నీళ్లలోంచి తెచ్చింది నేనేగా. ఆయనకీ అంతా నోటిమాటే. ఎస్టేటంతా అట్టాగే పోయింది.”

వసారా వసారా నవ్వింది. ఒక క్షణం నాకు కోపం వచ్చింది. తర్వాత నేనూ నవ్వాను. అంత చప్పుడుకు కొంగలు లేస్తాయేమోనని అందరం ఒక్కసారే నోళ్లు మూసుకున్నాం. కాగితం సంగతి ఇంకెవరూ ఎత్తలేదు.

భోజనం కాలవ అవతల ఒక రైతుగారింట్లో ఏర్పాటు చేశామని సుగుణమ్మగారు మొహమాటంగా చెప్పారు. ఎందుకో నాకు తెలుసు. మా తాతగారు ఈ వీధిలో అడుగు పెట్టి ఉండరు. ఆయన బాతుల్ని మోసిన మనిషి మాత్రం మా వీధిదాకా వచ్చి బయటే నిలబడి ఉంటాడు.

“మీ ఇంట్లో పొయ్యి వెలిగించలేదా అమ్మా?”

“వెలిగించామండీ.”

“మరి ఆకలేస్తోంది.”

వేడన్నం, గోంగూర, కొర్రమీను పులుసు, గడ్డపెరుగు. యేసుదాసు నా పక్కన కూర్చోవడానికి మొదట ఒప్పుకోలేదు. అతను కూర్చునేదాకా అన్నం కలపనని చెప్పాను. “మొండితనం మాత్రం అచ్చం పెద్దయ్యగారిదే,” అని గొణుక్కుంటూ కూర్చున్నాడు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

మూడూ ఇరవైకి తిరుగు బస్సు. సుగుణమ్మగారు రోడ్డుదాకా వచ్చారు. చల్లపల్లిలో మారి, నాలుగున్నరకు బెజవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పామర్రులో ఒక సిల్కు లాల్చీ ఆయన ఎక్కి నా బైనాక్యులర్స్ వంక చూశారు. మర్యాదస్తుడు. సీటు కింద నా సంచీ సర్ది పెట్టారు, అరటిపండు ఇచ్చారు.

“ఏమైనా కనబడ్డాయాండీ?”

“చాలా కనబడ్డాయి. ఇన్ని ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు.”

“అవునా! మా బావమరిదికి తుపాకీ లైసెన్సు ఉంది, ఆదివారం వస్తే ఒకటే గోల. ఏ ఊరండీ?”

“చెప్పను.”

“అదేంటండీ, సరదాకేగా అడిగింది!”

“నేనూ సరదాకే రాశానండీ ఒకసారి. చెప్పను. మాటిచ్చాను.”

ఆయన మొహం అటు తిప్పుకుని కూర్చున్నారు. నేను పండు ఒలుచుకుని తిన్నాను. బెజవాడ చేరేసరికి ఏడు దాటింది.

కొత్త దారి పంపుతానన్న మాట తప్పినందుకు సంపాదకులు క్షమించాలి. పాఠకులు దయచేసి పేరు కోసం నాకు ఉత్తరాలు రాయవద్దు. నేను ఆ కొంగలకు చేటు తెచ్చినవాణ్ణి. అయినా ఆ ఊరివాళ్లు నాకు వాటిని చూపించారు, అన్నం పెట్టారు, నా నోటిమాటను నమ్మారు. నన్ను ఎవరైనా అలా నమ్మి చాలా ఏళ్లయింది. డెల్టాలో ఏ బస్సు ఎక్కినా సరే, ఎక్కడైనా చింతచెట్లు సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తే కిటికీలోంచి తనివితీరా చూడండి. పిల్లలకు చూపించండి. దిగకండి.