తూర్పున కుంకిన పొద్దు

మా ఆయన జ్ఞానయ్య బందరులో ముప్పయ్యేళ్ళు ఫొటోలు తీశాడు. పెళ్ళిళ్ళు, బడిపిల్లల గుంపులు, అన్నిటికన్నా ఎక్కువగా శవాలు. బతికున్నన్నాళ్ళూ ఫొటో ఊసెత్తని జనానికి మనిషి పోగానే గుర్తొస్తుంది మరి. కళ్ళు మూసుకున్న శవం ఫొటో ఆయన తీసుకొస్తే, సన్నకుంచెతో కళ్ళు తెరిచినట్టు దిద్దడం నా పని.

ఒకటి చెడినా ఇంకోటి ఉండేలా, శవానికి ఫొటో పడే గాజుప్లేట్లు రెండు వాడాలని ఆయన నియమం. బతికున్నవాళ్ళయితే మళ్ళీ రమ్మనొచ్చు, పోయినవాళ్ళకి ఎక్కడికని కబురంపుతాం?

పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ఒకరోజు గుడివాడలో పెళ్ళి ఫొటోలు తీసి, అలిసిపోయి మధ్యాహ్నం దాటాక వచ్చాడు. మంగినపూడిలో వలేసుకుని బతికే పోతురాజు పోయాడని కబురు. మిగిలినవి రెండే ప్లేట్లు. అన్నమైనా తినకుండా కెమెరా సైకిలుకి కట్టుకుని వెళ్ళాడు.

తర్వాతది ఆయన చెప్పిందే. చీకటి పడకముందే తీసుకెళ్ళాలని మోసేవాళ్ళు తొందరపెడుతున్నారట. పోతురాజుని గోడకి ఆనించి కూర్చోబెట్టి మొదటి ప్లేటు తీశాడు. రెండోది పెట్టి తలెత్తేసరికి, పడమట కుంకుతున్న పొద్దు నుంచి గులాబీ చారలు నెత్తిమీదుగా సాగి, తూర్పున సముద్రం అంచున ఒక్కచోట కలుసుకున్నాయి. అక్కడ ఇంకో సూర్యుడు మునుగుతున్నాడా అన్నట్టు! ఇలాంటిది ఉంటుందని ఎవరో డాక్టరు దగ్గర విన్నాడట, ఇరవయ్యేళ్ళుగా దానికోసం చూస్తున్నాడు. కెమెరా అటు తిప్పేశాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి పాడె లేచింది.

ఇంటికొచ్చి కడిగితే ఆకాశం దివ్యంగా వచ్చింది. పోతురాజు ప్లేటు ఖాళీ. అలసటలో ప్లేటుకి అడ్డుండే రేకు లాగడం మరిచిపోయాడు మహానుభావుడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని తెలిసీ నోటికొచ్చినట్టు తిట్టాను. 

ఆ బొమ్మ చూసినవాళ్ళంతా సూర్యోదయం భలే ఉందన్నారు. తూర్పు, సముద్రం, కిరణాలు, పాపం ఇంకేమంటారు? అది సాయంత్రమని చెప్పీ చెప్పీ ఆయన విసిగిపోయి ఊరుకున్నాడు.

పదోనాడు ఇద్దరం మంగినపూడి వెళ్ళాం. రేకు లాగడం మరిచి ఫొటో చెడగొట్టానని పోతురాజు భార్య సుబ్బమ్మకి దాచకుండా చెప్పి, ఆ ఆకాశం ఫొటో చేతిలో పెట్టాడు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చూసి, ఆరోజు సాయంత్రమే కదండీ ఇది అంది. అది ఎప్పటిదో చెప్పకుండా పోల్చుకుంది ఆవిడొక్కతే. ఫొటో తిరిగి ఇచ్చేసింది.

"కళ్ళు మూసుకుంటే ఆయన మొహం రావట్లేదండి, బాబుగారూ. మీరు అంత దగ్గరగా చూశారు కదా. ఎలా ఉన్నాడో కాస్త చెప్పండి."

మా ఆయన చేతిలో ఫొటో వంక చూశాడు.  ఆ ఆకాశంలో ఏ చార ఎక్కడుందో ఇప్పుడడిగినా చెప్పగలడు. ఆ మొహం మాత్రం ఆయనకీ గుర్తు లేదు.