ఫిర్యాదులు చదివే ఖదీర్ భాయ్

ఖదీర్ భాయ్‌కి ఒకటే పిచ్చి. ఎవరో రాసిపెట్టిన కోడ్‌ని తన ప్రాజెక్టులోకి తేవాలంటే, ముందు దాని మీద జనం పెట్టిన ఫిర్యాదులన్నీ చదవాల్సిందే. అది ఎంత వేగంగా పనిచేస్తుందన్నది ఆ తర్వాతి సంగతి.

మొఘల్‌పురాలో బేకరీ పైనున్న చిన్న ఆఫీసులో ఆయన కింద తనూజ చేరి రెండు నెలలైంది. మూడో నెల నిండేలోగా ఒక పని సొంతంగా చేసి చూపిస్తేనే ఉద్యోగం ఖాయం. ఆ పని ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కి యాప్. ల్యాబ్ సర్వర్‌ని అడిగి రిపోర్టు తెచ్చిపెట్టే రెడీమేడ్ కోడ్, అంటే హెచ్‌టీటీపీ లైబ్రరీ ఒకటి కావాలి. తనూజ ఆరింటిని పరీక్షించి, వేగాన్ని బట్టి వరసగా పట్టిక వేసి తెచ్చింది.

"మస్తుగుంది బేటా. జర పక్కన పెట్టు," అని ఖదీర్ భాయ్ పట్టికలో మొదటిదాని ఫిర్యాదుల పేజీ తెరిచాడు.

మూడు చాయ్‌లు అయ్యాయి. భాయ్ నవ్వాడు, నిట్టూర్చాడు, ముక్కూమొహం తెలియని వాళ్ల తరఫున కంప్యూటర్‌తో పోట్లాడాడు. "చూడు, పాపం తెల్వక అడిగిండు. కోడ్ రాసినాయనేమో ముందు చదువుకొని రా అంటుండు! గిట్లనా మాట్లాడేది?"

"భాయ్, మనకు రిపోర్టులు తెచ్చేది కావాలె. అల్లుడు కాదు," అన్నాడు పక్కసీటు శ్రవణ్‌కుమార్.

"అల్లుడైతే నేను గింత చూస్తనా?"

రెండు రోజుల తర్వాత తేల్చాడు: పట్టికలో ఐదోది. తనూజకు ఒళ్లు మండింది. ముచ్చట ఆయనది, పోయే ఉద్యోగం తనది! పెద్దాయన మాట కాదనలేక దాన్నే వాడింది.

ల్యాబ్ వాళ్లకు చూపించే ముందురోజు ఖదీర్ భాయ్ మేనకోడలి నిఖా. ఫోన్ ఎత్తలేదు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే, రిపోర్టు అడిగితే యాప్ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. శ్రవణ్‌కుమార్‌కీ అంతుబట్టలేదు. తనూజ సిగ్గు చంపుకొని ఆ లైబ్రరీ పేజీలో రాసింది: "కొత్తదాన్ని. పిచ్చి ప్రశ్న అయితే క్షమించండి." పంపాక గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

అరగంటలో జవాబు వచ్చింది. "పిచ్చి ప్రశ్న కాదు, మేమే సరిగ్గా రాయలేదు. గడువు చెప్పకపోతే ఇది ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటుంది. గడువు పెట్టండి, దాటితే మళ్లీ అడగమనండి. ఈ రెండు లైన్లు కలపండి." కలిపింది. రిపోర్టు వచ్చింది. మరునాడు ల్యాబ్ వాళ్లు సరేనన్నారు, ఉద్యోగం నిలిచింది.

నిఖా మిఠాయి పట్టుకొచ్చిన ఖదీర్ భాయ్‌ని తనూజ అడిగేసింది. "ఇది ఆగిపోతదని మీకు ముందే తెల్సా భాయ్?"

"ఏదైనా ఎప్పుడో ఓసారి ఆగుతది బేటా. కొత్తల నేనొకటి అడిగితే ఇంత మాత్రం తెల్వదా అన్నరు. ఏడాది దాకా ఎవ్వర్నీ ఏం అడగలే. నేను లేనప్పుడు నువ్వు ఎవర్నో అడగాలె గదా. వాళ్లెట్లాంటోళ్లో చూసుకోవద్దా?"

తనూజకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. రెండో మిఠాయి తీసుకుంది.

వారం తిరక్కుండా ఆ పేజీలో ఇంకెవరో అదే ప్రశ్న అడిగారు, క్షమాపణలతో సహా. లైబ్రరీ వాళ్లకంటే ముందే తనూజ జవాబు రాసి, పంపే ముందు ఖదీర్ భాయ్‌కి చూపించింది. ఆయన చాయ్ చల్లారేదాకా చదివి, "పంపు" అన్నాడు.