నేల కింద నీళ్లు

ఇది 1966 వేసవి. లా కాలేజీకి సెలవులిస్తే నిన్ననే తిరువూరు వచ్చాను. ఈ సాయంత్రం బస్టాండు దగ్గర మా పక్కతోట ఖాసింగారు కనిపించి టీ ఇప్పించారు. ఆయన మామిడితోటలో బావి ఈ వేసవికి పూర్తిగా ఎండిపోయిందట.

"నీళ్ల చట్టాలు చదువుతున్నావంట గదా బాబూ. పక్కవాళ్లు బావి లోతు చేయించి కరెంటు మోటారు పెట్టారు, దాంతో మన బావి ఎండిందనుకో. కోర్టు ఏమన్నా చేస్తుందా?"

"ఏం చెయ్యదండీ. ఎవరి నేల కింద నీళ్లు వాళ్లవే. ఎంత లోతైనా తవ్వుకోవచ్చు."

పోయిన పరీక్షలో నాకు ఎక్కువ మార్కులు తెచ్చిపెట్టిన జవాబు అదే.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, "సరేలే. ఎల్లుండి చెట్లు కొట్టించేస్తాను. నేనడిగానని మీ నాన్నగారికి చెప్పమాకు" అన్నారు.

పోయినేడు చేలకు కరెంటు లైను రాగానే మోటారు పెట్టింది మా నాన్నే. నన్ను చదివిస్తున్నదీ ఆ నీళ్లే.

ఇంటికొచ్చి పుస్తకం మళ్లీ తిరగేశాను. జవాబు మారలేదు. ఇంకో జవాబు తెలిసినవాళ్లెవరైనా ఉంటే ఎల్లుండి లోపల చెప్పండి.