ఖాళీ గడిలో వేసిన సున్నా

ఈమధ్య టీవీల వాళ్లకు మళ్ళీ పని దొరికింది. ఏదో దేశంలో కొత్త వేరియంట్ బయటపడిందట. మొదట్లో వీటికి ఆల్ఫా, బీటా అని గ్రీకు అక్షరాలు పెట్టేవారు. ముప్ఫై ఏళ్లు నేను బ్లాక్‌బోర్డు మీద కోణాలకు పెట్టిన పేర్లే అవి. అవి చాలక ఇప్పుడు అక్షరాలూ అంకెలూ కలిపి బండి నంబర్లలా పెడుతున్నారు. టీవీలో కింద అక్షరాలు పరుగెత్తడం మొదలైన గంటలోపే నా ఫోన్ మోగుతుంది. ఉయ్యూరు నుంచి మా పెద్దమ్మ కొడుకు, ముదినేపల్లి నుంచి చేపల చెరువుల మావయ్య, మా సంఘం పాస్టరుగారు, అందరిదీ ఒకటే ప్రశ్న. ఈసారిది ఎలాంటిది, భయపడాల్సిందేనా? నేను అవన్నీ చూడడం మానేశానని చెబుతాను. అది అబద్ధం. చూస్తూనే ఉన్నాను.

పోయిన నెలదాకా ఆ ఫోన్లలో నాకు భయం పుట్టించింది ఒకటే, గుడివాడలో ఉన్న మా మేనకోడలిది. మా అన్నయ్యకు ఒక్కతే కూతురు. ఎలా ఉన్నారని కూడా అడిగేది కాదు. వేరియంట్ పేరు ఒక్క అంకె తప్పకుండా పలికి, పాపని స్కూలుకు పంపొచ్చా అత్తయ్యా అనేది. పంపొచ్చు అనేదాన్ని. పంపేది కాదు. ఆ వార్త చల్లారేదాకా పాప ఇంట్లోనే. అల్లుడు పనినుంచి వస్తే పెరట్లో స్నానం చేశాకే లోపలికి రానిచ్చేది. అలాంటి రోజుల్లో దివిసీమ నుంచి మా అన్నయ్య మనవరాలిని చూద్దామని వస్తే గేటు బయట కుర్చీ వేయించేది. ఆయన అక్కడే కూర్చుని, గేటు కమ్మీల్లోంచి అరటిపళ్లు అందించి, మళ్ళీ పామర్రు, చల్లపల్లి మీదుగా ఇంటికి పోయేవాడు. దానికి మతి చలించిందని చుట్టాలు చెవులు కొరుక్కునేవారు. దాని మతికేం కాలేదు. దాన్ని అలా చేసింది నేను.

అదెలాగో చెప్పాలంటే ముందు నా గొప్పలు చెప్పుకోవాలి. లాక్‌డౌన్ పెట్టి బళ్లు మూసేసినప్పుడు నేను బందరులో లెక్కల టీచర్ని. మా ఆయనకు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ గాజుల షాపు. అదీ మూసేశారు. ఆయన పేకముక్కలతో ఒక్కడే ఆడుకుంటూ కూర్చుంటే, నేను లాంగ్ నోట్‌బుక్కు ఒకటి తీసి రోజూ సాయంత్రం వచ్చే బులెటిన్ అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ముందు జిల్లా లెక్క. తరవాత ఎవరో గ్రూపులో మండలాలవారీ జాబితా ఫోటో పెట్టడం మొదలుపెడితే అదీ. ఎరుపు పెన్నుతో ఒకటి, నీలం పెన్నుతో ఒకటి, గ్రాఫు కాగితం మీద గీతలు. "బులెటిన్ అమ్మగారూ, రేపు వానా, ఎండా?" అని మా ఆయన ఆటపట్టించేవాడు.

ఆయన నవ్వినా చుట్టాలు నవ్వలేదు. లెక్కల టీచరు కదా, ఏది అడిగినా పాఠం చెబుతుందని ముప్ఫై ఏళ్లు నన్ను తప్పించుకు తిరిగిన వాళ్లంతా అప్పుడు నా చుట్టూ చేరారు. చేపల చెరువు పట్టుబడికి కూలీలను పిలవొచ్చా అని ఒకరు, పసిబిడ్డను దేవుడికి అప్పగించే ప్రతిష్ఠ కూడిక పెట్టుకోవచ్చా అని ఒకరు. నేను వద్దంటే పెళ్లి వాయిదా పడేది. చర్చి తలుపులు తెరవాలా వద్దా అని పాస్టరుగారు నాకు ఫోన్ చేసి "టీచరుగారూ, మీరెలా అంటే అలాగే" అన్న రోజున నేను గాల్లో తేలిపోయాను. జనం పిట్టల్లా రాలిపోతున్న రోజుల్లో నాకు అంత సంతోషం కలిగింది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం.

ఇప్పుడు మా వదిన సంగతి. నేను పదో తరగతిలో ఉండగా మా అమ్మ పోయింది. ఇంట్లో వంట చేసే మనిషి లేదని ఆ వేసవిలోనే అన్నయ్యకు పెళ్లి చేశారు. వచ్చిన మనిషికి పంతొమ్మిదేళ్లు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. నన్ను చదువు మాన్పించి కుట్టుపనిలో పెడదామని నాన్న అన్నప్పుడు ఆమె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "చదువుకోనివ్వండి మావయ్యా. కుట్టు నాకొచ్చుగా" అంది. మా ఇంట్లో ఒక కోడలు మావగారి ముందు నోరు విప్పడం అదే మొదలు. నేను కాలేజీకి వెళ్లినన్నాళ్లూ ఊళ్లోవాళ్ల జాకెట్లు కుట్టింది. నేను ఈ రోజు అంకెలు చూసి నాలుగు మాటలు చెప్పగలుగుతున్నానంటే ఆ మనిషి మిషను తొక్కబట్టే.

రెండో వేవ్ వచ్చేనాటికి వదిన గుడివాడలో ఉంది, కూతురికి పురుడు పోయడానికి వెళ్లి. ఆమెకు షుగరు. గుడివాడ గీత నా గ్రాఫులో నిటారుగా పైకి పోతోంది. దివిసీమలో మా పుట్టింటి మండలం గీత మాత్రం నేలబారుగా ఉంది. అన్నయ్య ఊళ్లో ఒంటరిగా ఉండి, ఉడికీ ఉడకని అన్నం తింటూ విసిగిపోయి నాకు ఫోన్ చేశాడు.

"మన మండలం ఎట్లా ఉంది చెల్లాయ్? మీ వదినని తీసుకొచ్చెయ్యనా?"

నేను నోట్‌బుక్కు చూసి, "వారం నుంచి సున్నా అన్నయ్యా. ఆ గుడివాడలో ఉండేకంటే మన ఊరే నయం. తీసుకొచ్చెయ్" అన్నాను.

పసిబిడ్డకు మూడో నెల వచ్చేదాకా అమ్మని ఉండనివ్వమని మేనకోడలు నాకు ఫోన్ చేసి బతిమాలింది. ఆ పిల్ల అప్పుడు పచ్చి బాలింత. లెక్కలు నాకు తెలుసా నీకు తెలుసా అని గదమాయించాను. దాంతో నోరు మూసుకుంది. మర్నాడే అన్నయ్య కారు మాట్లాడుకుని వెళ్లి వదినని తెచ్చుకున్నాడు.

ఊళ్లో కేసులు లేవని బులెటిన్ అమ్మగారు చెప్పాక ఇంక మాస్కులెందుకు? వదిన ఆదివారం చర్చికి వెళ్లింది, స్త్రీల కూడికకు వెళ్లింది, జ్వరం పడిన ఎదురింటావిడకు జావ కాచి ఇచ్చింది. ఎండదెబ్బ జ్వరం అనుకున్నారట. వచ్చిన దాదాపు మూడు వారాలకు వదినకూ జ్వరం తగిలింది. అన్నయ్య పరీక్ష చేయించడానికి ఊళ్లో సబ్ సెంటర్‌కి తీసుకువెళ్తే, కిట్లు అయిపోయి చాలా రోజులైందనీ, పరీక్షలు ఆపేశామనీ అక్కడి సిస్టరుగారు చెప్పారు. ఊపిరి అందకపోతుంటే బందరు తెచ్చారు. ఆసుపత్రి మా ఇంటి నుంచి నడిచివెళ్లేంత దూరం. నేను వెళ్లలేదు. బందరు అంకెలు నాకు తెలుసు కదా, భయమేసింది. అన్నయ్యే రెండు రోజులు ఆ వరండాలో ఒంటరిగా కూర్చున్నాడు. మూడో రోజు వదిన పోయింది. సంచిలో చుట్టి ఊరికి పంపితే, సమాధుల తోటలో నలుగురు ముసుగు మనుషులు దింపారట. అదీ నేను చూడలేదు.

ఆ సాయంత్రం మండలాల జాబితా మామూలుగానే ఫోన్‌లోకి వచ్చింది. కిట్లు లేవన్న మాట చెవిలో మోగుతుండగా మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాను. కేసులు లేని మండలాల పేర్ల ఎదుట సున్నా వేసి ఉంది. మా మండలం ఎదుట ఏమీ లేదు. గడి ఖాళీ. వెనక్కి వెళ్లి పాత ఫోటోలు చూశాను. అన్ని రోజులూ ఖాళీయే. పరీక్షే చేయనప్పుడు ఏ అంకె వేస్తారు? నిజాయితీగా ఖాళీ వదిలేశారు. సున్నా వేసింది నేను. గ్రాఫులో గీత మధ్యలో తెగిపోతే చూడ్డానికి బాగోదని, నా చేత్తో, నీలం పెన్నుతో వేసుకున్నాను. లెక్క చేయకుండా వదిలేసిన చోట జవాబు సున్నా అని రాసిన పిల్లల చేత ముప్ఫై ఏళ్లు గుంజీళ్లు తీయించిన మనిషిని నేను.

వదిన పేరిట పెట్టిన ఆదరణ కూడికలో అన్నయ్య లేచి నిలబడి, ప్రభుత్వం దొంగ లెక్కలు వేసి తన భార్యని చంపిందని అరిచాడు. సున్నా అని రాశారు, వాళ్ల చేతులు పడిపోను అన్నాడు. అందరూ తలలూపారు. ఫోన్‌లో వింటున్న నేను కిక్కురుమనలేదు. మనుషులు ఎంత వింతవాళ్లంటే, ఆ సున్నా అబద్ధమనీ వాళ్లే అన్నారు, ఊళ్లో కేసులు లేవు కాబట్టి గుడివాడ నుంచే తెచ్చుకుని ఉంటుందనీ వాళ్లే అన్నారు. రెండో మాట ఎవరి చెవిన పడకూడదో వాళ్ల చెవినే పడింది. పురిటి రోజుల్లో అల్లుడికి రెండు రోజులు దగ్గు వచ్చింది. తన ఇంట్లోంచే అమ్మకు అంటుకుందని మేనకోడలు దాన్ని పట్టుకుంది.

నెల తిరక్కుండా నాకు ఫోన్ చేసి అడిగింది. "అత్తయ్యా, ఇక్కణ్ణించి వెళ్లిన మూడు వారాలకు కూడా బయటపడొచ్చా?"

నేను చెప్పలేం అన్నాను. చెప్పగలను. అన్ని రోజుల తరవాత బయటపడడం ఎంత అరుదో అప్పటికి నాకు కంఠతా వచ్చు. కానీ గుడివాడ కాదంటే ఊరు అనాలి. ఊరు అంటే ఆ సున్నా ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలి. నా పరువు కోసం బాలింత నెత్తిన తల్లి చావు పెట్టాను. ఆ పిల్ల దాన్ని ఇన్నేళ్లు మోసింది.

పోయిన నెల అన్నయ్య ఫోన్ చేశాడు. గుడివాడ వెళ్లి వచ్చాడట. యథాప్రకారం గేటు బయట కుర్చీ. "పాప నన్నేమంటోందో తెలుసా చెల్లాయ్? గేటు తాతయ్య అంటోంది" అని నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే పెడన, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ బస్సెక్కాను. ఆ పిల్ల నాకూ గేటు బయటే కుర్చీ వేయించింది, మాస్కు తీయొద్దంది. అలాగే కూర్చుని, గేటు కమ్మీలు చూస్తూ మొత్తం చెప్పాను. ఖాళీ గడి, సున్నా, ఎదురింటావిడ జ్వరం, మూడు వారాలు, అన్నీ. నీ ఇంట్లో వచ్చిన జబ్బు కాదమ్మా, ఊళ్లో వచ్చింది, ఊరికి పంపింది నేను అన్నాను. పక్కింటావిడ మొక్కలకు నీళ్లు పెడుతూ వింటోంది. విననీ అనుకున్నాను.

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. నేను శాతాల సంగతి ఎత్తబోతే చెయ్యెత్తి ఆపింది.

"అమ్మ పోయినందుకు మిమ్మల్నేమీ అనను అత్తయ్యా. పొరపాటు ఎవరికైనా జరుగుద్ది. కానీ నేను అడిగాను. మూడు వారాలకి రావచ్చా అని మిమ్మల్నే అడిగాను. ఆ రోజు మీకు తెలుసు."

"తెలుసు" అన్నాను.

లోపలికి వెళ్లి కాసేపటికి సంచీ సర్దుకుని, పాప చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. ఇద్దరికీ మాస్కు లేదు. ఆ పిల్ల మొహం పూర్తిగా చూసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. కింది పెదవి అచ్చం వాళ్లమ్మది. లేచి నిలబడ్డాను. నన్ను దాటి వెళ్లి, గేటుకు తాళం వేసి, మలుపులో ఉన్న ఆటోని పిలిచింది. ఎవరమ్మా ఆవిడ అని పాప అడిగింది. "తాతయ్య వాళ్ల చెల్లెలు" అంది. నన్ను అత్తయ్య అనే పిల్ల, అంతకు ముందు ఎప్పుడూ అలా అనలేదు. ఆటో బస్టాండు వైపు పోయింది.

ఆ సాయంత్రమే అన్నయ్య ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం పట్టలేకుండా ఉంది. కూతురూ మనవరాలూ చెప్పకుండా వచ్చేశారట, పాప పెరట్లో కోళ్ల వెంట పడుతోందట, పది రోజులు ఉంటారట. కూతురు ఆయనకేమీ చెప్పలేదని నాకు అర్థమైంది. ఇప్పుడు చెప్పాల్సింది నేను. నోటిదాకా వచ్చింది.

"నువ్వు వచ్చావని పాప చెప్పింది. అంత మొండి పిల్లకి నువ్వేం చెప్పావో గానీ ఒక్కపూటలో మారిపోయింది. నీలాంటి చెల్లెలు ఉండబట్టి గానీ, లేకపోతే మా గతేంటి?" అన్నాడు.

నేను కాదనలేదు.