పడవ ఇంట్లో చివరి తడి ఫికర్

హాలండ్‌లో పడవ ఇంట్లో ఉన్న ఆ రోజుల్లో నేను సుఖపడ్డానా, ఏడ్చానా అంటే ఇప్పటికీ చెప్పలేను. అక్కడ ఉద్యోగం చేసే మా బామ్మర్దిది ఇరుకు ఇల్లు. అతని స్నేహితుడెవరో ఊరికి పోతూ, కాలువలో కట్టేసి ఉన్న తన పడవ ఇంటి తాళం ఇచ్చాడట. నన్నూ మా ఆవిడనూ అందులో దింపి, "ఏం పని చెయ్యకు బావా, ఊకె కూసో" అన్నాడు. ఊరికే కూర్చోవడం కూడా ఎవరైనా నేర్పాలి కదా!

మా పొలం బీర్కూర్ దగ్గర, కాలువ చిట్టచివర. పై పొలాలన్నీ తడిసి, అందరికీ దయ కలిగాక మాకు నీళ్లు చేరాలి. యాసంగి వరి పొట్ట మీద ఉంది. చివరి తడి అందితే వడ్లు, లేకపోతే పశువుల మేత. మేం బాన్సువాడలో బస్సెక్కేనాటికి ఆ తడి రాలేదు. పొలం అన్నకు అప్పగించి వచ్చాను.

ఇక్కడేమో కిటికీ తీస్తే నీళ్లు, మంచం కింద నీళ్లు. అంత నిండు కాలువకు ఒక్క తూము లేదు. గట్టు మీద పార పట్టుకున్న మనిషి లేడు. ఈ నీళ్లు ఎవరి పొలానికి పోతున్నాయో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. మా ఆవిడ మాత్రం బాతులకు మెతుకులు వేస్తూ హాయిగా ఉంది.

ఫోన్ చేస్తే అన్న ఎగతాళి చేశాడు. "నీళ్ల మీదనే పండుకుంటున్నవట గద! అండ్లకెల్లి జరన్ని నీళ్లు ఇటు తోలరాదు? ఈడ మడి నెర్రెలు వడుతుంది." నవ్వాడు గానీ ఆ నవ్వులో పస లేదు.

పక్క పడవలో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. మా ఆవిడ ఆమెను అవ్వా అని పిలిచేది, ఆమె పలికేది. ఇద్దరికీ ఏ భాషలో కుదిరిందో నాకు తెలియదు.

ఒకరోజు చాయ్ తాగుతుండగా గట్టు గోడ మీద బెత్తెడు తడి గీత కనిపించింది. కాలువ దిగిపోతోంది! అవతల కాలువకు అడ్డంగా ఉన్న పెద్ద తలుపులు మూసుకుంటున్నాయి. ఇక నాకు ఒళ్లు తెలియలేదు. మా ఊళ్లో పైవాళ్లు కాలువకు మట్టిబస్తాలు అడ్డం వేస్తే, చివరివాళ్లమంతా ఒక్కటై కొట్లాటకు పోతాం. పుట్టినప్పటి అలవాటు విమానం ఎక్కితే పోతుందా? లుంగీ మీద స్వెటర్, చేతిలో చీపురుకర్ర. ముందు పక్క పడవ తలుపు బాదాను.

"అవ్వా, బయటికి రా! పైన కట్టేసిండ్రు! నడువు పోదాం!"

ఆమె నా కర్రను చూసింది, ముఖం చూసింది. చెయ్యి పట్టి కూర్చోబెట్టి, మా బామ్మర్ది ఇచ్చిపోయిన నంబరుకు ఫోన్ కలిపింది. "బావా, అవి పడవలు దాటే తలుపులు. నీళ్లు మల్ల వస్తయి. ఇజ్జత్ తియ్యకు, లోపటికి నడువు" అన్నాడతను. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం అతను వచ్చి నా కథ ఆమెకు చెప్పాడు, ఆమె కథ నాకు చెప్పాడు. ఆ నేల సముద్రం కంటే పల్లమట. యంత్రాలతో నీళ్లు తోడి సముద్రంలో పోస్తారట! మా ఊళ్లో ఈ మాట అంటే తంతారు. ఆమె చిన్నతనంలో తుఫానుకు కట్ట తెగి సముద్రం ఇంట్లోకి వచ్చింది. ఆమె, తల్లి పైకప్పు ఎక్కారు. తమ్ముడు దొరకలేదు. అప్పటినుంచి పడవలోనే కాపురం, నీళ్లు లేస్తే ఇల్లూ లేస్తుందని. నీళ్లు రావని నా భయం, వస్తాయని ఆమె భయం. ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియక ఇద్దరం కాఫీ తాగాం.

మర్నాటి నుంచి ఆమె కిటికీలోంచి రోజూ అడిగేది, మా ఆవిడ నేర్పిన మాటల్లో: "నీళ్లు వచ్చినయా?" నేను చెయ్యి అడ్డంగా ఊపేవాణ్ని.

ఒక పొద్దున అన్న ఫోన్ చేశాడు. "వచ్చినయిరా! మడి నిండింది!" అంటూ ఏడ్చాడు. నేను బయటికి ఉరికి, కాలువంతా వినపడేలా అరిచాను: "అవ్వా! నీళ్లొచ్చినయి!"

ఆమె చేతిలో కప్పు జారి పడింది. ముందు గట్టు వైపు చూసింది, కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది. తేరుకుని, నన్ను చూసి నవ్వేదాకా, ఆ నీళ్లు వచ్చినందుకు సంతోషించాలో వద్దో నాకు తెలియలేదు.